అడిగి నడిచిన దారి

బుల్లిరాజు గారు పళ్ళెం అందుకోలేదు. అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని, పళ్ళెంలోని అరటి హస్తం వంకా తమలపాకుల వంకా చూశారు. కాసేపటికి చెయ్యి చాచి ఒక పండు మాత్రం తుంచుకున్నారు.

"ఏంటమ్మా తులసీ, కోతలా?"

"ఆయ్. రేపో ఎల్లుండో కోత మిషను వస్తుందన్నారండి. తుఫానంటున్నారు కదండీ, ఈలోపే కోసేద్దామని." రామతులసి పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని మెట్టు కిందే నిలబడింది. "దారి అడగడానికి వచ్చానండి."

అది మామూలే. వానాకాలం సార్వాకీ వేసవి దాళ్వాకీ కోతకు ముందు లోపలి చేలవాళ్ళు తాంబూలం పట్టుకుని ముందు చేను ఆసామి ఇంటికి వెళ్ళి దారి అడుగుతారు. ఆయన "సరే, వెళ్ళండి" అంటాడు. ఆ తర్వాతే మిషను గానీ ట్రాక్టరు గానీ ఆయన చేను అంచునుంచి లోపలికి దిగుతుంది. రామతులసి అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడే వెళ్ళేది. ఆవిడ పోయాక పళ్ళెం రామతులసి చేతికి వచ్చింది.

"దారెక్కడుందమ్మా ఇప్పుడు?" పండు నములుతూనే అన్నారు బుల్లిరాజు గారు. "చూశావుగా. మట్టి తోలించి మెరక చేయించాను. స్తంభాలు పాతించి తీగ కూడా లాగించేశాను. అది చేను కాదింక, లేఅవుటు."

"చూశానండి. మిషను పట్టేంత మేర ఓ పక్కన వదిలేస్తారేమోనని."

"ఎలా వదులుతాను? ప్లాటు కొనుక్కునేవాడు ఊరుకుంటాడా? ఇన్నాళ్ళూ నా చేను కాబట్టి నా దయ కొద్దీ ఇచ్చాను. నేను ఇవ్వననలేదు చూడు. ఇవ్వడానికి నా దగ్గర లేదు."

"మరి మా చేలోకి ఎలా వెళ్ళాలండి?"

"అది నన్నడుగుతావేంటి?"

తొక్కని ఆయన పళ్ళెంలోకే పడేశారు. తమలపాకుల మీద పడింది. "పట్టుకెళ్ళమ్మా," అన్నారు మర్యాదగా.

దారి పొడుగునా ఆ తొక్కని తీసి పారేద్దామనుకుంటూనే ఉంది రామతులసి. ముట్టుకోవాలంటే చెయ్యి రాలేదు. పంటికరిచిన గుర్తుతో పండు తునక ఒకటి దానికి ఇంకా అంటుకునే ఉంది. పంట బోదె దగ్గరికి వచ్చాక పళ్ళెం నీళ్ళలోకి బోర్లించేసింది. పళ్ళూ ఆకులూ తొక్కా అన్నీ కలిసి కొట్టుకుపోయాయి.

సాయంత్రం మండపేట రైసుమిల్లు నుంచి త్రిమూర్తులు వచ్చాడు. బస్తాలు మోసి మోసి మెడ మీద చర్మం తోలులా అయిన మనిషి. జుట్టులో, చెవుల్లో తవుడు. నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటూ భార్య చెప్పిందంతా విన్నాడు.

"ఇంకోసారి ఇద్దరం కలిసి వెళ్దాం," అన్నాడు.

"వెళ్ళి?"

"కాళ్ళు పట్టుకుందాం. పోయేదేముంది? పెద్దాయన."

రామతులసి ఆయన వంక చూసింది. కట్టుకున్నప్పటి నుంచీ ఎప్పుడూ ఎవరి మీదా గొంతు లేపని మనిషి. ఊళ్ళో అందరూ మంచివాడంటారు. ఆ మంచితనం మీద ఆమెకి మొదటిసారి వెగటు పుట్టింది.

"చేను చూసి వచ్చాను," అంది. "కంకి బంగారంలా తిరిగింది. తూర్పు గాలి ఇప్పుడే మొదలైంది. చేను పడిందంటే నీళ్ళలోనే మొలకలెత్తుతుంది. ఆ మురుగు కాలవ గట్టు మీద ఒక్క మనిషి నడవడానికే కష్టం. కూలీలు పెట్టి కోయించినా పనలు ఎలా మోయిస్తావు?"

త్రిమూర్తులు తువ్వాలు పిండుకున్నాడు. "అందుకేగా కాళ్ళు పట్టుకుందామంటున్నాను."

మర్నాడు పొద్దున్నే ఆమె ఒక్కతే గ్రామ సచివాలయానికి వెళ్ళింది. వీఆర్వో ప్రసన్నకుమార్ టేబులు మీద వేరుశనక్కాయలు పోసుకుని ఒలుచుకుంటున్నాడు. కుర్రవాడు, మెత్తగా మాట్లాడతాడు. ఆమెని కుర్చీలో కూర్చోమన్నాడు. ఆ మర్యాదకి రామతులసి మనసు కొంచెం కుదుటపడింది.

"చెప్పండమ్మా. ఇన్నాళ్ళూ మీ చేలోకి ఎలా వెళ్ళేవారు?"

"రాజు గారి చేలోంచేనండి."

"ఆయన ఒప్పుకునేవారా?"

"పంటపంటకీ తాంబూలం పట్టుకెళ్ళి అడిగేవాళ్ళమండి. ఆయన దయతలచి వెళ్ళమనేవారు."

"దయతలచి," అంటూ ప్రసన్నకుమార్ రాసుకున్నాడు. "ఎప్పుడైనా అడక్కుండా వెళ్ళారా?"

"అయ్యో, అలా ఎలా వెళ్తామండి? మేము అలాంటివాళ్ళం కాదు."

అది కూడా రాసుకున్నాడు. గింజల మీది పొట్టు ఉఫ్‌మని ఊదితే ఎగిరి వచ్చి ఆమె అర్జీ మీద పడింది. వాంగ్మూలం చదివి వినిపించాడు. అంతా ఆమె అన్నదే. సంతకం పెట్టింది. ఆమె ఇంకా కుర్చీలోంచి లేవకముందే అతను ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు.

"రాజు గారూ, నమస్కారమండి. ఏం లేదండి, తులసి గారు వచ్చారు. ఆవిడే చెప్పేశారండి, మీ పర్మిషనుతోనే వెళ్ళేవాళ్ళమని. రాయించి సంతకం కూడా తీసుకున్నాను. మీరేం కంగారు పడకండి."

ఆ మాటలు ఆమె ముందే అన్నాడు. నవ్వుతూ ఆమె వంకే చూస్తూ అన్నాడు. దాచాల్సిన పని చేస్తున్నానని అతనికి అనిపించినట్టే లేదు. 

బయటికి వచ్చాక సచివాలయం మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయింది. లోపల మైకులో తుఫాను హెచ్చరిక చదువుతున్నారు. కోసిన ధాన్యం మెరక మీదికి చేర్చుకోమంటున్నారు. కొయ్యని ధాన్యం సంగతి ఎవరూ చెప్పడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, డ్వాక్రా మీటింగుకు ఒక ప్లీడరమ్మ వచ్చి, ఆడవాళ్ళకి ఆస్తి ఉన్నా లేకపోయినా కోర్టు దగ్గరి న్యాయ సహాయం ఆఫీసులో ఉచితంగా వకీలును ఇస్తారని చెప్పిన సంగతి. ఆ రోజు అందరూ పకోడీలు తింటూ విన్నారు. రామతులసీ తింటూనే విన్నది.

బస్సెక్కి వెళ్ళింది.

ప్లీడరమ్మ పేరు ఫణిశ్రీ. కోర్టు ఆవరణలో చిన్న గది. క్యారియరు విప్పుకుని అన్నం తింటోంది. "కూర్చోండి, తింటూ వింటాను, ఏమీ అనుకోకండి," అంది. రామతులసి మొదట్నుంచీ చెప్పింది. తాంబూలం మాట వచ్చినప్పుడు ఫణిశ్రీ తల ఎత్తింది. వాంగ్మూలం మాట వచ్చేసరికి చెంచా కింద పెట్టేసింది.

"సంతకం పెట్టేశారా?"

"నిజమే కదండీ."

"నిజమేనండి. అదే తంటా." ఫణిశ్రీ చెయ్యి కడుక్కుని వచ్చింది. "దారి హక్కు ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది. గ్రామ నక్షాలో పుంత బాట ఉంటే అది సర్కారుది, ఎవరూ మూయడానికి లేదు. మీ చేలకి పుంత ఉందా?"

"లేదండి."

"సరే. పుంత లేకపోయినా ఇరవై ఏళ్ళు ఎవర్నీ అడక్కుండా, ఎవరూ ఆపకుండా, మనదే అన్నట్టు నడిస్తే హక్కు వస్తుంది. అది మీకు రాదు. మీరు అడిగారు. అడిగి నడిస్తే వందేళ్ళు నడిచినా అది వాళ్ళిచ్చినట్టే. పంటపంటకీ పళ్ళెం పట్టుకెళ్ళి హక్కుని మీరే ఆయన చేతిలో పెట్టి వచ్చారు."

 అత్తగారు మడత నలగని చీర కట్టుకుని, వక్కలు ఏరి, ఆకులు తుడిచి పళ్ళెంలో సర్దడం రామతులసి కళ్ళ ముందు మెదిలింది. మర్యాద అనుకుంటూ చేసిన పని.

"అయితే ఇంకేమీ లేదాండి?"

"ఉండండి. ఆ చేను మీకెలా వచ్చింది?"

"మా మామగారు కొన్నారండి. ఈ రాజు గారి నాన్నగారి దగ్గరే."

"ముందు చేను అప్పుడెవరిది?"

"వాళ్ళదేనండి. అంతా ఒకటే చెక్క. వెనక సగం మాకూ పాపాయమ్మ అత్త వాళ్ళకీ అమ్మి, రోడ్డు పక్కది వాళ్ళుంచుకున్నారు."

"మిషను దిగడానికి ఇంకో దారి?"

"లేదండి. అటు మురుగు కాలవ, ఇటు కొబ్బరితోట."

ఫణిశ్రీ మొదటిసారి నవ్వింది. "మరి ఇది ముందే చెప్పరేంటండి? ఒకటే భూమిని రెండు చేసి లోపలి ముక్క అమ్మినవాడు, ముందు ముక్క తనే ఉంచుకుంటే, లోపలికి దారి మూయడానికి లేదు. చేను కొన్నరోజే దారి దాంతో వచ్చేసింది. మీరు అడిగినా అది మీదే, అడక్కపోయినా మీదే. పళ్ళెం దాన్ని ఏమీ చెయ్యలేదు."

"అయితే కోర్టులో వేస్తారాండి?"

"వేద్దాం. కోర్టు నిదానంగా నడుస్తుంది, మీ చేను ఆగదు. అందుకని ముందు తహసీల్దారు గారి దగ్గరికి వెళ్దాం. ఆయనకి మేజిస్ట్రేటు అధికారం ఉంటుంది. దారి కోసం కొట్లాట అయ్యేలా ఉంటే, కోర్టు తేల్చేదాకా అడ్డు పెట్టవద్దని ఆర్డరివ్వచ్చు. కోతకే వాడే దారి కదా, పోయిన కోతకి మీరు ఆ దారిన వెళ్ళారా లేదా అని అడుగుతారు. దాళ్వాకి వెళ్ళారా?"

"వెళ్ళామండి. మిషను దిగుతుంటే మా ఆయన ఫోటో తీశాడు."

"అది చాలా మంచి పని. స్తంభాలకి కూడా తీయండి, తేదీ పడేలా. కానీ ఒక్క స్తంభం మీద కూడా చెయ్యి వేయొద్దు. మీరు పీకారంటే తగాదా మీరు పెట్టుకున్నట్టవుతుంది. ఇంకోటి. ఆయన పల్లపు భూమి మెరక చేయడానికి అనుమతి తీసుకున్నారో లేదో, లేఅవుటుకు ఉందో లేదో, అది వేరే అర్జీ. కోపంలో రెండూ కలిపేయకండి. దారి దగ్గరే ఉండండి."

ఆ సాయంత్రమే అర్జీ తహసీల్దారు ఆఫీసుకు చేరింది. చేను మీద పంట ఉంది, తుఫాను వస్తోంది అని ఫణిశ్రీ గట్టిగా అడిగిన మీదట మర్నాడు పొద్దున్నే ఇద్దరినీ పిలిచారు.

రామతులసి మొగుడితో ఆటో దిగేసరికి బుల్లిరాజు గారి కారు ఆఫీసు ముందు ఆగి ఉంది. ముందు సీట్లోంచి పాపాయమ్మ దిగుతోంది. తమ చేనుకి వెనక చేను ఆవిడదే. ఎనభై దాటిన మనిషి, ఏసీ గాలికి ముక్కు ఎర్రబడింది.

"నువ్వెందుకొచ్చావత్తా?"

"రాజు గారు రమ్మన్నారే. సాక్ష్యం చెప్పాలంట." పాపాయమ్మ గొంతు తగ్గించింది. "నా మట్టుకి దారిస్తానన్నారు. ముసలిదాన్ననీ. నువ్వు కూడా ఒక్క మాట అడగవే. అడిగితే నోరు అరుగుతుందా?"

రామతులసి మొహం తిప్పుకుంది. ఈవిడ చేలోకి వెళ్ళాలన్నా తన చేను దాటాల్సిందే. ఒకరికి దారిచ్చి ఒకరికి మూయడం ఎలాగో దేవుడికి తెలియాలి. ఆ మాట చెప్పి కార్లో ఎక్కించుకొచ్చాడు, ఈవిడ నమ్మి ఎక్కింది.

తహసీల్దారు గదిలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఏ ఊరి బడిలో జనాన్ని దించాలో, ఏ గట్టుకి ఇసక బస్తాలు పంపాలో చెబుతూ మధ్యమధ్య ఆయన ఈ తగాదా వింటున్నాడు. బుల్లిరాజు గారికి కుర్చీ వేశారు. ప్రసన్నకుమార్ వాంగ్మూలం చదివాడు. దయతలచి అన్నచోట కొంచెం ఆగి మళ్ళీ చదివాడు.

"మా మనుషులేనండి," అన్నారు బుల్లిరాజు గారు. "పిల్లల్లాంటివాళ్ళు. ఎవరో చెప్పుడు మాటలు చెప్పారు. కావాలంటే పాపాయమ్మని అడగండి, పెద్దది, అబద్ధమాడదు."

"ఏమ్మా, రాజు గార్ని అడిగే వెళ్ళేవారా?" అన్నాడు తహసీల్దారు.

"ఆయ్. ఏ పంటకైనా అడగాల్సిందేనండి. ఈయన నాన్నగారు, పెద్దరాజు గారు చనిపోయిన యేడు తప్పించి."

"అప్పుడేమైంది?"

"సార్వా కోతలప్పుడే పోయారండి, పాపం. ఇల్లంతా మైల. చావింటికి తాంబూలం పట్టుకెళ్తారేంటండి ఎవరైనా? వెళ్ళలేదండి."

"మరి చేను కొయ్యలేదా?"

"అదేంటండి, ధాన్యం మైల పోయేదాకా ఆగుతుందా? కోసేశాం, తోలుకెళ్ళిపోయాం."

"ఎవరూ ఏమీ అనలేదా?"

పాపాయమ్మ బుల్లిరాజు గారి వంక చూసింది, ఆయన్ని నొప్పించే మాట ఏమైనా అన్నానా అన్నట్టు. "ఏమంటారండి? దారేగా," అంది.

గదిలో ఫోను ఒక్కటే మోగుతోంది. ఫణిశ్రీ లేచి, ఆ వెనక చేలు అమ్మింది పెద్దరాజు గారేనా అని బుల్లిరాజు గార్ని అడిగింది. ఆయన తప్పక అవునన్నారు. దాళ్వా కోత ఫోటో, స్తంభాల ఫోటో టేబులు మీద పెట్టింది. తహసీల్దారు చూశాడు. చూసి కలం తీయకుండా కుర్చీలో వెనక్కి వాలాడు.

"రాజు గారూ, ఎందుకండీ ఇదంతా? మీరే పెద్ద మనసు చేసుకుని ఓ పక్క తీయించేయండి. అందరం కలిసి బతికేవాళ్ళం."

"నేనెప్పుడు కాదన్నానండి? ఇక్కడిదాకా వచ్చారు కదా, ఆవిణ్ణి ఒక్క మాట అడగమనండి. ఇప్పుడే ఫోను చేసి తీయించేస్తాను."

అందరూ హమ్మయ్య అన్నట్టు రామతులసి వంక తిరిగారు. త్రిమూర్తులు మోచేత్తో పొడిచాడు. ప్రసన్నకుమార్ పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా నవ్వుతూ తల ఊపాడు. కిటికీ రెక్క గాలికి టపటప కొట్టుకుంటోంది. ఒక్క మాట. అది అనేస్తే మధ్యాహ్నానికే మిషను దిగుతుంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటైన మాట, దానంతట అదే వచ్చింది. వచ్చాక దాని రుచి తెలిసింది. ఎవరో నమిలి వదిలింది నోట్లో పెట్టుకున్నట్టు అనిపించింది.

"ఆర్డరు రాయండి సార్," అంది.

రాయడం, టైపు చేయడం, సంతకం అయ్యేసరికి సాయంత్రమైంది. కోర్టు తేల్చేదాకా మిషను పట్టేంత మేర అడ్డు తీసేయాలని, మళ్ళీ పెట్టవద్దని ఆర్డరు. ఆ రాత్రి గాలి పెరిగింది గానీ వాన పడలేదు. పొద్దున లేచి చూస్తే తూర్పు పక్క చేను కొంచెం వాలింది, పడిపోలేదు.

ప్రసన్నకుమార్ అప్పటికే పొలం దగ్గర ఉన్నాడు. దగ్గరుండి స్తంభాలు తీయించాడు. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నానమ్మా, మీకు దారి వస్తుందని," అన్నాడు. రామతులసి మిషను కోసం రోడ్డు వైపు నడిచింది. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే ఏం వస్తుందో ఆమెకే భయం వేసింది.

కోత మిషను రోడ్డు దిగి, తీగ తీసిన సందు దగ్గరికి వచ్చింది. చుట్టుపక్కల చేలవాళ్ళు పది మంది పోగయ్యారు. ఆకాశం మసిబట్టిన కుండ అడుగులా ఉంది. మిషను ముందు చైను చక్రం సందులోకి పెట్టిందో లేదో, కారు ఆగింది. బుల్లిరాజు గారు దిగారు. తెల్లచొక్కా. గబగబా నడిచి వచ్చి సందు పక్కన నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి లోపలికి ఊపారు.

"పోనీ, పోనీ. నేను చెప్తున్నాను, వెళ్ళు. జాగ్రత్తగా తిప్పు."

డ్రైవరు ఆయనకి దణ్ణం పెట్టాడు. ప్రసన్నకుమార్ చేతులు కట్టుకున్నాడు. "ఎంతైనా రాజు గారి మనసే వేరు," అన్నారు వెనకెవరో. "గొడవ పడ్డా దగ్గరుండి పంపిస్తున్నారు చూడు." ఒకరు అనేసరికి ఇద్దరు అందుకున్నారు. త్రిమూర్తులు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ముందుకి వంగి, "మీ దయండి," అన్నాడు.

రామతులసికి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. ఆర్డరు కాయితం ఆ ప్లీడరమ్మ దగ్గరా తహసీల్దారు ఆఫీసులోనూ ఉంటుంది. ఊరికి గుర్తుండేది మాత్రం ఈ చెయ్యి. రేపు దాళ్వాకి అందరూ ఈ చెయ్యే చెప్పుకుంటారు.

ఆమె నాలుగడుగులు వేసి మిషను ముందుకి వచ్చి నిలబడింది.

"ఆపు బాబూ."

డ్రైవరు ఆపాడు.

"వెనక్కి తియ్యి. రోడ్డెక్కించు."

"ఏంటండీ?"

"వెనక్కి తియ్యమన్నాను."

త్రిమూర్తులు పరిగెత్తుకొచ్చాడు. "పిచ్చి పట్టిందా నీకు? పైన చూశావా?"

చూసింది. మొదటి చినుకు ఆమె కనురెప్ప మీదే పడింది. మిషను వెనక్కి వెళ్ళి రోడ్డు మీద నిలబడింది. ఇంజను ఆగింది. తూర్పు గాలికి చేను ఒక పక్కకి ఒంగి, లేచి, మళ్ళీ ఒంగింది. ఆ ఒంగిన కంకులన్నీ తన కడుపు మీద ఒంగినట్టే ఉన్నాయి ఆమెకి.

బుల్లిరాజు గారి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. "వెళ్ళమన్నాను కదమ్మా. ఇంకేంటి?"

"అందుకే ఆగానండి," అంది రామతులసి.

ఆయనకి అర్థం కాలేదో, అర్థమైందో. చెయ్యి దించారు. ఏదో అనబోయి జనం వంక చూశారు. జనం ఏమంటే బాగుంటుందో తెలియక కాళ్ళ వంక చూసుకుంటున్నారు. ఆమె గట్టు మీద కూర్చుంది. పాపాయమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. "ఎవరి మీదే అలక?" అని అడిగి, సమాధానం రాకపోయేసరికి కొంగు తల మీదికి లాక్కుంది.

చినుకులు దగ్గరదగ్గరగా పడసాగాయి. బుల్లిరాజు గారు కాసేపు అలాగే నిలబడ్డారు. తెల్లచొక్కా భుజాల మీద అతుక్కుపోయింది. ప్రసన్నకుమార్ పరిగెత్తి గొడుగు తెచ్చి పట్టాడు. గొడుగు కింద కూడా కాసేపు నిలబడ్డారు. తర్వాత ఫోను మోగింది. మాట్లాడుతూ కారు దాకా నడిచారు. మాట్లాడుతూనే ఎక్కారు. ప్రసన్నకుమార్ గొడుగు మూసి వెనక సీట్లో కూర్చున్నాడు. కారు మలుపు తిరిగింది. చూడటానికి ఇంకేమీ లేదని జనం కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

రామతులసి లేచి మిషను దగ్గరికి వెళ్ళింది.

"తడిసిపోయిందండి," అన్నాడు డ్రైవరు. "తూర్పు పక్కది కిందే రాలిపోతుంది. వచ్చింది కూడా పచ్చిగా ఉందని మిల్లువాళ్ళు తూకంలో తరుగు తీస్తారు."

"తెలుసు."

"మరి అప్పుడే వెళ్ళనివ్వచ్చు కదండీ." అతను తాళం తిప్పాడు. "ఇప్పుడెవరు వెళ్ళమన్నారని వెళ్ళాలి?"

 ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని సందులోంచి లోపలికి నడిచింది. మెరక తోలిన మట్టి తడిసి కాళ్ళకి అంటుకుంటోంది. నాలుగడుగులు నడిచాక వెనక ఇంజను మోత వినిపించింది. తిరిగి చూడకుండానే, మిషనుకి చోటిచ్చి, అంచు పట్టుకుని నడిచింది.